వంక నెమ్మదించిన చోట

మాది ధర్మవరం. పుట్టింట్లో తెల్లారేసరికి మగ్గం చప్పుడు మొదలయ్యేది. పట్టు అంటే మాకు అంగడి నుంచి చుట్టలు చుట్టుకొని వచ్చే దారం. అది పురుగు కట్టిన గూటి నుంచి వస్తుందని బళ్లో చదివాను గానీ, ఆ పురుగుకు ఎవరో ఆకు కోసి వేస్తారని, ఆ ఆకు తోటకు ఎవరో నీళ్లు కడతారని ఏనాడూ అనుకోలేదు. పెండ్లయి, పెనుకొండకూ హిందూపురానికీ నడుమ ఉండే ఈ ఊరికి వచ్చాకే అవన్నీ చూశాను. మా అత్తగారిల్లు పట్టుపురుగులు సాకే ఇల్లు. ఇంటి వెనక మల్బరీ తోట, తోట పక్కన పురుగుల షెడ్డు, తోట చివర వంక.

వంక అని ఎవరైనా చెబితేనే తెలిసేది. నేను వచ్చిన కొత్తలో అందులో నీళ్లు పారడం చూడలేదు. ఎగువన ఉండే చెరువు నిండి మరవ, అంటే అలుగు, పారితే ఆ నీళ్లు దిగే దోవ అది. చెరువు నిండితే కదా. ఇసుకలో గొర్రెల అడుగులు, ఎండిన పెంటికలు, అక్కడక్కడా పచ్చగా జమ్ము. అంతే.

అయినా మా అత్త నాకు తోట చూపించిన మొదటి రోజున ఎక్కువసేపు నిలబడింది వంక గట్టు మీదే. మా మామను నేను చూడలేదు, నేను రాకముందే పోయాడు. ఆయన పడుచుగా ఉన్నప్పుడు ఒక పెద్ద వానకు గట్టు విరిగి, మల్బరీ సాళ్లు వేళ్లతో సహా వంకలో పడి కొట్టుకుపోయాయట. ఆ వాన తగ్గాక ఆయన వాయిలి, అదే వావిలి, కొమ్మలు నరుక్కొచ్చి గట్టు పొడుగునా నాటాడు. నడుమ నడుమ కానగ మొక్కలు పెట్టాడు. నేను చూసేసరికి వాయిలి మనిషి ఎత్తు దాటి గుబురుగా పెరిగింది. కానగ చెట్ల వేళ్లు గట్టు పక్క నుంచి దిగి ఇసుకలోకి పోయి ఉండేవి.

"ఈ వేళ్లుండాయే, ఇవే మన తోటను పట్టుకొనుండేటివి" అంది అత్త.

గట్టు మీద చెట్లు మామ పెట్టినవి. వంక నడుమ ఉన్న జమ్మును మాత్రం ఎవరూ పెట్టలేదు. తోటకు పారిన బోరు నీళ్లలో కొంత ఊటగా దిగి చేరే చోట అదే పుట్టి, అదే పరుచుకుంది. దాని పక్కన కంపచెట్లు లేచాయి. మామ చేతి చెట్లు ఏవో, దేవుడు వేసినవి ఏవో అత్త వేరు చేసి చూసేది కాదు. వంకలో పచ్చగా ఉన్న దేని మీదా కొడవలి పడనిచ్చేది కాదు. నేనూ అడగలేదు. నీళ్లే రాని వంకలో ఏముంటే ఏమి అనుకున్నాను.

వంక వెంబడి కొంచెం ఎగువన, మా గట్టు వైపే, మా పొలాన్ని ఆనుకొని ఒక అక్క వాళ్ల పొలం. నాకంటే కొన్నేళ్లు పెద్దది. వాళ్లూ పురుగులు సాకుతారు. ఆమె భర్త ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీకి పనికి పోతాడు. కాబట్టి తోట, షెడ్డు, ఆవు, అన్నీ ఆమె చేతి మీదే నడిచేవి. పొలంలో మిగతాదంతా బండనేల కావడంతో షెడ్డును వంక దగ్గర మెత్తని నేలలో కట్టుకున్నారు. కట్టిన నాటికి ఆ వంక పారి చాలా కాలమైంది.

మేమిద్దరం పొలం హద్దుకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకునేవాళ్లం. ఎన్నో జ్వరంలో ఉండాయి పురుగులు, ఆకు చాలుతుందా, హిందూపురం మార్కెట్లో గూళ్లు ఎట్ల పోతున్నాయి, ఇవే మాటలు. పట్టుపురుగు పొర విడిచేముందు మేత మాని కదలకుండా పడుకుంటుంది. దాన్ని మా దగ్గర జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితే పురుగు గూడు కట్టడానికి సిద్ధమైనట్టు. నాకు ఈ లెక్కలన్నీ అత్త కంటే ముందు ఆ అక్కే ఓపికగా చెప్పింది. ఇవి తెలియనివాళ్లు ఉంటారని అత్తకు ఎప్పుడూ తోచేది కాదు.

కానీ అక్క మా ఇంట్లోకి వచ్చేది కాదు. వాళ్లది ఊళ్లో వేరే వీధి. ఆదివారం చర్చికి పోతారు. ఎప్పుడైనా ఏదైనా ఇవ్వడానికి వస్తే వాకిట్లో నిలబడి ఇచ్చి పోయేది. ఒకసారి నేను లోపలికి రమ్మన్నాను. ఆమె రాలేదు. పోయాక అత్త అంది, "పురుగులుండే ఇంటికి బయటోళ్లను పిలవకూడదమ్మా. రోగం తగులుకుంటుంది." పురుగుల షెడ్డుకు ఆ నియమం నిజమే, అందరూ పాటిస్తారు. ఇంటికి ఎందుకో నాకు తెలుసు, అత్తకూ తెలుసు. ఆ మాట మేము మాట్లాడుకోలేదు.

కరోనా పోయాక మా పక్క వానలు మారిపోయాయి. ఒక ఏడు చెరువులోకి నీళ్లు చేరాయి. మరుసటి ఏడు వానకాలం చివర చెరువు నిండి మరవ పారింది. ఊరు ఊరంతా చూడటానికి పోయింది. ఆడవాళ్లు పసుపు కుంకుమ వేసి మొక్కారు. నేనూ పోయాను. మరవ మీద నుంచి పడే నీళ్లను చూస్తూ పెద్దవాళ్లు నిలబడిపోవడం గుర్తుంది. ఆ నీళ్లు మా వంకలోకి సన్నగా వచ్చాయి. అత్త పోయి కాళ్లు తడుపుకొని వచ్చింది.

ఒకటి రెండు రోజులు తెరిపి ఇచ్చి మళ్లీ పట్టుకుంది వాన. అప్పటికి మా గూళ్లు అమ్ముడైపోయాయి. షెడ్డు కడిగి, బ్లీచింగ్ కొట్టి, సున్నం చల్లి, కొత్త పురుగుల కోసం ఆరబెట్టి తాళం వేశాం. ఒక పొద్దున ఎగువ నుంచి చప్పుడు వినిపించింది. మా ఆయన, నేను గొడుగు పట్టుకొని తోట చివరికి పోయాం.

వంక ఎర్రగా, నిండుగా వస్తోంది. కంపకొమ్మలు, మొక్కజొన్న దంటు, ప్లాస్టిక్ సీసాలు, ఎవరిదో చెప్పు, అన్నీ మోసుకొని వస్తోంది. మా జమ్ము దగ్గరికి వచ్చేసరికి ఆ వేగం పోయింది. జమ్ము ఒకవైపు వాలింది గానీ తెగలేదు. కంపచెట్లు కొట్టుకొచ్చినవాటిని పట్టుకున్నాయి. నీళ్లు పైకి లేచి, పక్కలకు పరుచుకొని, గట్టు మీది వాయిలి కాండాల సందుల్లోంచి మా తోటలోకి మెల్లగా వచ్చాయి. మల్బరీ మొదళ్ల దగ్గర పాదం మునిగేంత నిలబడ్డాయి. మట్టి కదల్లేదు. మా ఆయన గట్టు వైపు వంగి వంగి చూశాడు. ఒక్క పెల్ల కూడా విరగలేదు.

"నాయన నాటిన చెట్లు నిలబెట్టినాయి" అన్నాడు. తండ్రి గురించి ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నాకు చాలా సంతోషంగా అనిపించింది. ఇంటికి వచ్చి అత్తకు చెప్పాం. అత్త పొయ్యి మీద టీ పెట్టింది.

ఆ టీ తాగుతూండగానే అక్క వచ్చింది. తల మీద గోనెసంచి కప్పుకొని, చీర తొడల దాకా బురదతో, వాకిట్లో నిలబడింది.

"ఏమ్మా, మీ ఆయన ఉండాడా?"

"ఉండాడక్కా. ఏమైంది?"

"నీళ్లు మళ్లినాయి. మీ జమ్ము తావ కంప అడ్డం పడి వంక ముందుకు పోలే, ఎనక్కి ఎక్కింది. మా షెడ్డులో మోకాటి మట్టం ఉండాయి."

ఇందాక మేము సంతోషంగా చూసి వచ్చింది అదే. మా తోటలోకి మెల్లగా వచ్చిన నీళ్లు మెల్లగా రావాలంటే ఎక్కడో ఆగాలి. అవి ఆగిన చోటు ఆమె షెడ్డు. ఆ సంగతి ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. మా ఆయన బయటికి వచ్చి విన్నాడు. ముఖం మాడిపోయింది.

"నేను ఇప్పుడే పోయి ఆ కంప నరికేస్తా" అన్నాడు.

"ఆ నీళ్లలో దిగితే నువ్వు మిగలవప్పా. దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నేను దానికి రాలే." అక్క ఊపిరి తీసుకుంది. "పురుగులు నాలుగో జ్వరం లేసి మేత మింద ఉండాయి. కింది అరలు పోయినాయి. పై అరలు నిలబడి ఉండాయి. మీ షెడ్డు ఖాళీగా ఉండాదని తెలిసి అడగనీకి వచ్చినా. మా ఆయప్ప డ్యూటీలో ఉండాడు, ఫోను పోలే."

మేమిద్దరం అత్త వైపు చూశాం. అది అత్త షెడ్డు. ఆమె కాళ్ల చెప్పులు కూడా దాని బయటే విడుస్తుంది. ఇంకొకరి పురుగును లోపలికి తెస్తే, దానికి ఏ రోగమున్నా, తర్వాత పెంచే పురుగులకు అంటుకునే భయముంటుంది. అత్త గడప లోపల నిలబడి అక్కను చూస్తూ ఉంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. నడుముకు దోపుకున్న తాళాల గుత్తి తీసి నాకిచ్చింది.

"తలుపు తీ. వాకిట్లో సున్నంనీళ్లు పెట్టు. లోపలికి పోయేటోళ్లు అందరూ తొక్కి పోవాల. ఆమే కాదు, నువ్వూ నేనూ కూడా."

పురుగులను మోసిన తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. షెడ్డులో అరల మీద నైలాను వలలు పరిచి, వాటి మీద కొమ్మలు వేసి పురుగులను మేపుతారు. వల నాలుగు చెంగులూ పట్టుకొని ఎత్తితే కొమ్మలూ పురుగులూ కలిసి లేస్తాయి. అక్క వాళ్ల వీధి ఆడవాళ్లు కొందరు వచ్చారు. మా ఆయన, నేను, వాళ్లు ఇద్దరిద్దరుగా వలలు పట్టుకొని, పైన టార్పాలిను కప్పి, మోకాటి నీళ్లలోంచి బయటికి వచ్చి, తోట గట్ల మీదుగా మా షెడ్డుకు నడిచాం. బురదలో కాలు జారితే అంతా పోతుంది. పురుగులు వేలు పొడుగున, తెల్లగా, చల్లగా ఉన్నాయి. అంత బరువుంటాయని నేను అనుకోలేదు.

అక్క వాళ్ల షెడ్డులో నేను మొదటిసారి అడుగు పెట్టినప్పుడు, నీళ్ల మీద తేలుతున్న పురుగులను చూసి ఆగిపోయాను. కింది అరల్లోవి. అక్క వాటి వైపు చూడలేదు.

"దా దా" అంది. "బతికుండేటివి ఆకలితో ఉండాయి."

వాటిని తెచ్చి పెట్టాక అసలు కష్టం ఆకు దగ్గర వచ్చింది. తడి ఆకు వేస్తే పురుగుకు జబ్బు చేస్తుంది. అక్క తోట నీళ్లలో ఉంది. మా తోటలో ఆకు ఉంది గానీ వానలో తడిసి ఉంది. కరెంటు పోయింది, ఫ్యాను లేదు. కొమ్మలు కోసుకొచ్చి ఒక్కొక్కటే దులిపాం. నడవాలో దండేలు కట్టి వేలాడదీశాం. నా పాత చీరలు పరిచి వాటి మీద ఆకు తిప్పి తిప్పి ఒత్తాం. అత్త చేట తీసుకొని కూర్చొని విసిరింది. ఆ ఆకు మా రాబోయే పురుగుల కోసం పెంచుకున్నది. దాని మాట ఎవరూ ఎత్తలేదు. మొదటి మేత వేసేసరికి మధ్యాహ్నం దాటింది. పురుగులు తలలెత్తి ఆకు అందుకుంటుంటే అక్క గోడకు ఆనుకొని కింద కూర్చుండిపోయింది.

నేను అన్నం పెట్టుకొచ్చి ఇస్తే ఆమె అలవాటుగా పళ్లెం తీసుకొని బయటి అరుగు మీదికి పోయింది. అత్త చూసింది.

"ఆడ జల్లు కొడతాండాది. లోపలికి రా."

అక్క లేవలేదు. "పర్లేదమ్మా, ఈడ బాగనే ఉండాది."

"పప్పు చల్లారిపోతాది. వచ్చి పొయ్యి కాడ కూర్చో."

అంతకుముందు పురుగులు సాకు. ఇప్పుడు జల్లు సాకు. అక్క వచ్చి వంటింట్లో మా అత్త ఎదురుగా కూర్చొని తినింది. అత్త రెండోసారి పప్పు వేసింది. ఇద్దరూ పురుగుల గురించి మాట్లాడుకున్నారు. నేను పొయ్యి పక్కన నిలబడి చాలాసేపు వాళ్లను చూస్తూ ఉండిపోయాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి నేను చేయలేకపోయిన పని వాన చేసి పెట్టింది.

అక్క భర్త మరుసటి రోజు గానీ రాలేకపోయాడు. రోడ్డు మీద నీళ్లు ఉండి కంపెనీ బస్సు నిలిచిపోయిందట. మొదట తమ షెడ్డుకు పోయి చూసి, అక్కడి నుంచి మా ఇంటికి వచ్చాడు. కోపంగా వస్తాడని మా ఆయన భయపడుతున్నాడు. అతను సున్నంనీళ్లు తొక్కి షెడ్డులోకి పోయి, అరల మధ్య అటూ ఇటూ నడిచి, భార్య పక్కన నిలబడ్డాడు. అత్తే అడిగింది.

"ఏమప్పా, తిన్యావా?"

"తింటానమ్మా" అన్నాడు. అప్పుడు కళ్లు తుడుచుకున్నాడు.

పురుగులు పండి గూడు కట్టే దాకా అక్క మా షెడ్డులోనే పడుకుంది. పండిన పురుగు ఒళ్లు పసుపు తిరిగి, తల ఎత్తి, దారం వేయడానికి చోటు వెతుకుతుంది. వాటిని ఏరి చంద్రికల మీద, అంటే వెదురు బద్దలు చుట్లు చుట్లుగా కుట్టిన తడికల మీద, వేయాలి. ఇంటిల్లిపాదీ కూర్చొని ఏరాం. మా రెండు ఇళ్ల చంద్రికలూ కలిసిపోయాయి. గూళ్లు తెల్లగా దిగాయి. పోయినవి పోగా మిగిలినవే గానీ మంచి గూళ్లు. అక్క వాటిని హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోయి అమ్ముకొని, వచ్చేటప్పుడు మా అత్తకు లేత తమలపాకులు, వక్కలు తెచ్చింది. ఈసారి వాకిట్లో ఆగలేదు.

వాన వెలిశాక మా ఆయన జేసీబీని పిలిచాడు. ఆయనకు ఆ షెడ్డులో తేలిన పురుగులు నిద్రలోకి కూడా వస్తున్నాయి. వంకలో ఒక్క పుల్ల లేకుండా చేయిస్తానన్నాడు. అక్క, ఆమె భర్త కూడా అదే మంచిదన్నారు. అత్తకు మనసొప్పలేదు. కానీ ఏ ముఖంతో కాదంటుంది. తోటలో ఒక పక్కన కూర్చుంది.

బండి అక్క వాళ్ల షెడ్డు దగ్గర మొదలుపెట్టి కిందికి చేసుకుంటూ వచ్చింది. జమ్ము గడ్డలతో సహా లేచింది. కంపచెట్లు లేచాయి. బొక్కెన గట్టును తగిలిన ప్రతిసారీ వాయిలి కూడా లేచింది. మామ నాటిన చెట్లను ఒక్కొక్కటిగా పక్కన పడేస్తుంటే నేను అత్త వైపు చూడలేకపోయాను. సగం దాకా అయ్యాక మబ్బు పట్టింది. తడినేలలో బండి దిగబడుతుందని డ్రైవరు వెళ్లిపోయాడు. ఆరినాక వస్తానన్నాడు. పై సగం ఇసుక దాకా గీకేసిన కాలువలా నున్నగా, వెడల్పుగా ఉంది. చూడటానికి బాగానే ఉంది. కింది సగం ఎప్పటిలాగే ఉంది.

ఆ వానకాలంలోనే వంక ఇంకొకసారి వచ్చింది. ముందంత నీళ్లు కావు. అయినా అందరం పోయి నిలబడ్డాం. మేము హద్దుకు ఇటు, అక్కా వాళ్లు అటు. గీకిన సగంలో నీళ్లు ఎక్కడా ఆగలేదు. మేము అడిగింది అదే కదా. అక్క షెడ్డు దగ్గరికి చుక్క రాలేదు. కానీ ఆ నీళ్లు పరుగెత్తాయి. బోసిపోయిన ఎర్రగట్టు అడుగున తొలుచుకుంటూ పోయాయి. మేము చూస్తుండగానే మా వైపు ఒక పెల్ల జారింది. తర్వాత అక్క వాళ్ల వైపు. గట్టు మీద ఉన్న ఆమె మల్బరీ మొక్కలు నిలబడినవి నిలబడినట్టే కిందికి దిగి, తిరిగి, వెళ్లిపోయాయి. మేము వాటితో పాటు అడుగులు వెనక్కి వేశాం. కింది సగానికి వచ్చేసరికి అవే నీళ్లు జమ్ములో పడి నెమ్మదించాయి. తెచ్చిన మట్టిని వాయిలి మొదళ్లలో వదిలేసి, కొంచెం తేటపడి ముందుకు పోయాయి. అక్కడ గట్టు గట్టుగానే ఉంది.

నీళ్లు తగ్గాక అత్తా అక్కా వంకలోనే నిలబడి మాట్లాడుకున్నారు. మాట్లాడుకున్నారు అనకూడదు, పోట్లాడుకున్నారు.

"నేను చెప్తానే ఉన్న్యా" అంది అత్త. "చెట్టు లేకుంటే గట్టు నిలవదని."

"చెట్టుకు నేనేమన్న్యా?" అంది అక్క. "గట్టు మింద ఉండేది చెట్టు. వంక నడుమ పడుకొనుండేది చెట్టు కాదు. ఆ జమ్ము మీకు మేలే. నా షెడ్డులోకి నీళ్లు తోలేది అదే."

"మీరు షెడ్డు వంకలో కట్టుకొని జమ్మును అంటే ఎట్ల?"

"కట్టేటప్పుడు వంక యాడుండాది? ఇసుక ఉండాది."

అక్క భర్త, మా ఆయన ఒకరినొకరు చూసుకున్నారు. నాకు భయమేసింది, ఇన్నాళ్లకు కలిసింది ఇక్కడే తెగిపోతుందేమోనని. అత్త కాలితో జమ్ము గడ్డను తొక్కి చూసింది.

"నడుమ తీసేద్దాం" అంది చివరికి. "ఎద్దులబండి పోయేంత దోవ నడుమ ఉంచి, పక్కలది ముట్టుకోవద్దు. జేసీబీని కూడా పిలవద్దు. దానికి ఏది తీయాలో ఏది ఉంచాలో చెప్పినా వినపడదు. చేత్తో కోసుకుందాం."

"ఎవరు కోసేది అంత?" అంది అక్క.

"నువ్వూ నేనూ."

అక్కకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతో సగం పని అయిపోయింది.

ఎండాకాలం వచ్చి వంక ఎండినాక అందరం దిగాం. ఎద్దులబండి పోయేంత వెడల్పున నడుమ జమ్మును మొదలుకంటా కోశాం. కంపచెట్లను మాత్రం ఎక్కడున్నా వదలకుండా తవ్వి తీశాం. వాటి ముళ్లు దిగని కాలు మా రెండు ఇళ్లలో లేదు. గీకిన సగంలో గట్టు పొడుగునా మళ్లీ వాయిలి కొమ్మలు నాటాం. ఈసారి అక్క వాళ్ల వైపు కూడా. ఏ కొమ్మ ఎంత లోతున దింపాలో మా ఆయన తండ్రి దగ్గర చూసింది గుర్తు చేసుకొని చేశాడు. మొదటి ఏడు నాటినవాటిలో చాలా ఎండిపోయాయి. మళ్లీ నాటాం. అక్క వాళ్లు షెడ్డు నేలను కూడా రాళ్లు పోసి ఎత్తు లేపుకున్నారు.

ఏటా ఎండల్లో ఆ పని ఉంటుంది. జమ్ము కోసిన చోటే మళ్లీ లేస్తుంది, మళ్లీ కోస్తాం. కోసిన జమ్మును ఎండబెట్టి ఆవుల కొట్టం మీద కప్పుకుంటాం. మధ్యాహ్నం కానగ నీడన కూర్చొని అన్నం తింటాం. ఒక్కోసారి సద్ది మా ఇంటిది, ఒక్కోసారి అక్క ఇంటిది. అత్త ఇప్పుడు వంగలేదు. గట్టు మీద కూర్చొని ఏది కోయాలో చెప్తుంది. అక్క వినీ విననట్టు తనకు తోచిందే కోస్తుంది. ఇద్దరికీ ప్రతి ఏడూ ఎక్కడో ఒక గుబురు దగ్గర తగాదా. గట్టు అంచున ఉన్న జమ్ము గట్టుదా, వంకదా అని.

ఆ తర్వాత వంక వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాం. నడుమ దోవలో నీళ్లు సాగిపోతాయి. పక్కల జమ్ములోకి, వాయిలిలోకి చేరిన నీళ్లు తీరిగ్గా కదులుతాయి. గట్టుకు తగిలేది ఆ తీరిక నీళ్లే. ఒక ఏడు మా తోటలో కొంచెం ఎక్కువే నిలబడ్డాయి. ఇంకో ఏడు అక్క వాళ్ల ఆవుల కొట్టం దాకా వచ్చి ఆగాయి. పూర్తిగా ఎవరికీ తడి తగలకుండా చేయడం మాకు చేతకాలేదు. కానీ ఎక్కువ నష్టం ఒకరి ఇంటి మీదే పడకుండా మాత్రం చేసుకోగలిగాం. ఎప్పుడో ఎండిపోయిందనుకున్న మా పాత బావిలో ఇప్పుడు ఎండల్లో కూడా అడుగున నీళ్లు మెరుస్తాయి. నెమ్మదిగా పోయే నీళ్లు కాస్త కిందికీ దిగుతాయేమో. ధర్మవరం నుంచి మా అమ్మ వచ్చినప్పుడు ఆ బావిలోకి తొంగి చూసి, పైకి చూసి, దండం పెట్టుకుంది.

నాకు అప్పుడప్పుడు ఒకటి అనిపిస్తుంది. ఆ పొద్దున అక్క మా ఇంటికి కాకుండా ఊళ్లోకి పోయి నలుగురినీ పోగుచేసి ఉండవచ్చు. స్టేషనుకు పోయి ఉండవచ్చు. వాకిట్లో నిలబడి మమ్మల్ని తిట్టి ఉండవచ్చు, మేము తలవంచుకొని పడేవాళ్లం. ఆమె చేతిలో న్యాయం ఉంది. దాన్ని పక్కన పెట్టి, ఆకలితో ఉన్న పురుగుల కోసం సాయం అడిగింది. తప్పు చేసినవాళ్లను నిలదీయడం సులభం. వాళ్లను సాయం అడిగి, చేయనిచ్చి, మళ్లీ తలెత్తుకునేలా చేయడం అందరికీ రాదు. అత్త విషయంలోనూ అంతే అనుకుంటాను. అంత కాలం మూసి ఉంచుకున్న తలుపు తాళం ఆమె ఎదురుచెప్పకుండా తీసి నాకిచ్చింది. వాళ్లిద్దరి దగ్గరా నేను కోడలిగా, చెల్లెలిగా ఉండగలిగినందుకు నాకు సంతోషం.

మొన్న నేనూ అక్కా కలిసి గూళ్లు తీసుకొని హిందూపురం పోయాం. మా గూళ్లు, వాళ్ల గూళ్లు ఒకే ఆటోలో. మార్కెట్టు పని అయ్యేసరికి ఆకలి అయింది. బస్టాండు పక్కన హోటల్లో దోసె తిన్నాం. బయటికి వచ్చేసరికి మబ్బు కమ్మి చినుకులు మొదలయ్యాయి. చూస్తుండగానే రోడ్డు మీద నీళ్లు కట్టాయి. బస్సుకు పోదామా అన్నాను. అక్క పెనుకొండ వైపు ఆకాశం నల్లగా ఉండటం చూసింది.

"ఇంటికాడ కూడా ఇట్లనే పడతాంటాది" అంది.

ఆమె ముఖం చూశాను. వాళ్ల షెడ్డు రెండో గదిలో ఇంకో విడత పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. ఆమె మళ్లీ బెంచీ మీద కూర్చుంది, చీర కుచ్చెళ్లు తడవకుండా సర్దుకుంది.

"ఏం తొందరమ్మా, వాన తగ్గనీ" అంది. "ఇంకో టీ చెప్పు."